చారు తాగిన బ్లూబెర్రీ

అప్పట్లో నాకు ఆదివారమంటే భయం. కలకత్తాలో బ్యాంకు ఉద్యోగం వచ్చిందని మావాళ్ళు ఊరంతా స్వీట్లు పంచారు గానీ, అక్కడ ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా నోరు విప్పే పనే ఉండదని ఎవరూ చెప్పలేదు. (వారానికి ఒకటి చాలదన్నట్టు, బంద్ పేరుతో ఇంకో ఆదివారం వచ్చిపడేది.) మేడ మీద ఒక గది, ఒక బాల్కనీ. కింద ఇంటి యజమానురాలు, పెద్దావిడ, ఒక్కరే ఉండేవారు. అందరూ మాషీమా అనేవారు, అంటే మన పిన్నిగారు. మెట్ల మీద ఎదురైతే తలూపేవారు, అంతే.

ఆ ఒంటరితనం భరించలేక ఒక చలికాలం నర్సరీలో బ్లూబెర్రీ మొక్క కొన్నాను. "మోకాలెత్తు కంటే పెరగదు దాదా, కుండీలోనే కాస్తుంది. మట్టిలో మాత్రం ఆమ్లం ఉండాలి," అన్నాడు నర్సరీ అతను. ఆమ్లమంటే మా ఇంట్లో చింతపండే. అమ్మ పంపిన కొత్త చింతపండు నానబెట్టి, పిసికి, వడగట్టి, రోజూ ఒక గ్లాసు పోసి "తాగమ్మా" అని బతిమాలేవాణ్ణి. మొక్కతోనైనా తెలుగు మాట్లాడుతున్నానని సంతోషం. (అలవాటు కొద్దీ కాస్త బెల్లం కూడా వేశాను. మా గోదావరి జిల్లా చెయ్యి అలాంటిది.) బ్యాంకులో తెలుగు వచ్చిన ఒకే ఒక్క మనిషి అటెండరు, తాతల నాడే శ్రీకాకుళం నుంచి వచ్చి టికియాపారాలో స్థిరపడ్డ కుటుంబం. చెప్తే నోరెళ్ళబెట్టాడు. "ఏటి బాబూ, మొక్కకి చారు పోసీసినారా! తాలింపు కూడా ఎట్టీసినారేటి?"

బెల్లానికి చీమలొచ్చాయి. గోడ వెంట దిగి సరాసరి మాషీమా వంటింట్లోకి వెళ్ళాయి. ఆవిడ ఆయాసపడుతూ పైకొచ్చి కుండీ వాసన చూశారు. గది ఖాళీ చెయ్యమంటారని వణికిపోయాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏ కీ కాండో బాబా!" అన్నారు, ఇదేం చోద్యం నాయనా అని. "దీనికి వాడేసిన టీ ఆకు వెయ్యాలి. రేపట్నుంచి నేనిస్తాను." అన్నట్టే రోజూ పొద్దున్నే తలుపు తట్టి, గిన్నెలో టీ ఆకు ఇచ్చి, "తిన్నావా? దగ్గు తగ్గిందా?" అని అడిగి వెళ్ళేవారు. ఆ రెండు మాటల కోసం నేను ఆరింటికే లేచి తల దువ్వుకుని కూర్చునేవాణ్ణి.

ఎండలు ముదిరేసరికి మొక్క చచ్చిపోయింది. ఒక్క పండూ కాయలేదు. నాకు ఏడుపొచ్చింది, మొక్క కోసం కాదు. ఇక నా తలుపు ఎవరు తడతారు? అందుకని చెప్పలేదు. రోజూ గిన్నె అందుకుని, "కొత్త చిగురేసింది మాషీమా" అని పచ్చి అబద్ధమాడి, ఆ టీ ఆకు ఎండుపుల్ల మొదట్లో వేసేవాణ్ణి. అలా రెండేళ్ళు. (నా మాటల్లో ఆ మొక్క రెండుసార్లు పూసింది. ఒకసారి పిందెలు రాలితే ఇద్దరం బాధపడ్డాం కూడా.)

బదిలీ అయి వెళ్ళేరోజు ఉండబట్టలేక నిజం చెప్పేశాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"డాబా మీద బట్టలారేస్తాను కదా బాబా. అక్కణ్ణుంచి నీ బాల్కనీ కనిపిస్తుంది," అన్నారు. కొంగు సర్దుకుని, "పొద్దున్నే పలకరించడానికి నాకు మాత్రం ఎవరున్నారు?" అన్నారు.

ఆవిణ్ణి రెండేళ్ళు మోసం చేశాననుకున్న అప్పటి నా తెలివికి ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడ గుర్తుకొస్తే ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.