ప్రభుదాసన్నను ఎగరమన్నది నేనే

తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి చావును గాలి మీదికి నెట్టి బతుకుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. మీరు నన్ను చూడబోరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను, కొండ పేరు రాయను, నా పేరూ రాయను. మిగిలినదేదీ మార్చలేదు. మార్చాలని చేయి లాగుతోంది. లాగుతుంటే ఆగి, మళ్ళీ రాస్తున్నాను.

మాది జువ్వలదిన్నె దగ్గర చిన్న పల్లె. చేపల వేట మీద బతికిన ఇల్లు. పన్నెండేళ్ళ వయసు నుంచీ నాన్నతో పడవెక్కాను. గాలి మారబోతోందంటే నా మెడకు ముందే తెలిసేది. ఆ తెలివి చూసే ప్రభుదాసన్న నన్ను పట్టుకున్నాడు. ఆయనది బుచ్చిరెడ్డిపాలెం. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఉత్తరాది కొండల్లో పారాగ్లైడింగ్ నేర్చుకుని వచ్చి, మా ఊరి ఇసుకలో ఆ పెద్ద గుడ్డ వింగును పైకి లేపడం, దించడం సాధన చేస్తుండేవాడు. మేమంతా గుంపుగా నిలబడి నవ్వేవాళ్ళం. ఒకరోజు గాలి మారుతోంది, సర్దుకో అని నేను అరిచాను. ఆయన సర్దుకున్న రెండు నిమిషాలకే ఇసుక లేచింది. ఆ సాయంత్రమే నాతో వస్తావా అని అడిగాడు.

వెళ్ళాను. నెల్లూరు జిల్లాకు పడమట వెలిగొండల్లో, తూర్పుకు తిరిగి ఉన్న ఒక కొండ. సముద్రం నుంచి వచ్చే గాలి దాని ముఖానికి తగిలి పైకి లేస్తుంది. ఆ గాలి మీదే ఎగరడం. ఆయన నాకు అన్నీ నేర్పాడు. మూడేళ్ళ తర్వాత నేనూ మనుషుల్ని నా ముందు కట్టుకుని ఎగిరేవాడిని. వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి, నన్ను సార్ అని పిలిచేవాళ్ళు. పడవ మీద నన్నెవరూ సార్ అనలేదు. ఆ పిలుపు నాలో ఏం చేసిందో అప్పుడు తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గాలి బలిసింది. ఇంక చాలు, ఎవరినీ ఎక్కించొద్దు అని అన్న చెప్పి కిందికి వెళ్ళాడు. నేను వినలేదు. నెల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మాయిని కట్టుకుని దూకాను. దిగేటప్పుడు బండల మీద పడ్డాం. ఆమె కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఆమె అరుస్తుంటే, కాళ్ళు ఎత్తమంటే ఎత్తలేదు అని నేను ఆమె మీదే అరిచాను. నిజానికి ఎత్తమని నేను చెప్పనే లేదు.

వారం తర్వాత, పొద్దున్నే, ఎగరడానికి వచ్చిన నలుగురి ముందు అన్న నన్ను చూపించి, ఈయన ఇంక మనుషుల్ని ఎక్కించుకోడు, మళ్ళీ నేర్చుకున్నాకే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఏదో సామాన్ల సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ నలుగురూ నా వైపు చూశారు.

రేకుల షెడ్డు వెనక ఆయన తాళ్ళు విప్పుతున్నాడు. వంగి ఉన్నాడు. నా హెల్మెట్ గడ్డం పట్టీ నా చేతిలో ఉంది. ఆ పట్టీ పట్టుకుని హెల్మెట్‌ను తిప్పి కొట్టాను. ఎడమ చెవికి పైన తగిలింది. కొబ్బరికాయ నేలకేసి కొట్టినట్టు వినిపించింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకోసారి కొట్టాను. అక్కడే. ఆయన అడ్డం పెట్టిన చేయిని కాలితో తన్ని, డొక్కలో కూడా తన్నాను. మొదటి దెబ్బ కోపం అని సర్దిచెప్పుకోవచ్చు. రెండోది ఏమిటి? అప్పటికి ఆయన కింద ఉన్నాడు, నాకు ఎదురు తిరగడని నాకు తెలుసు, తెలిసే కొట్టాను కదా? తొమ్మిదేళ్ళు ఆ రెండో దెబ్బకు ఒక పేరు పెట్టాలని చూశాను. దొరకలేదు. బాగుండింది. కొట్టేటప్పుడు బాగుండింది. ఇది రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ఆయన తిరిగి కొట్టలేదు. కాసేపటికి లేచి, సీసాలో నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. బండ చాటుకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. నలుగురి దగ్గరికి వచ్చేటప్పటికి తల మీద టోపీ ఉంది.

మాలో ఒకరు ముందుగా ఒంటరిగా ఎగిరి గాలి ఎలా ఉందో చూసి రావాలి. ఆ తర్వాతే జనాన్ని ఎక్కించుకోవాలి. అది రోజూ ఉండే పద్ధతి. కొండ అంచున చెంచయ్య ఎర్ర గుడ్డ కట్టిన కర్ర దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ చుట్టుపక్కల మేకలు మేపుకునే పెద్దాయన. గాలి సరిగా లేకపోతే గుడ్డ ఊపి ఆపడం ఆయన పని. ఆ పొద్దున గాలి నిలకడగా, మెత్తగా ఉంది. అంత మంచి గాలి నెలకు రెండు రోజులు వస్తే గొప్ప.

అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, నాకు కళ్ళు తిరగతా ఉండాయి. ముందు నువ్వు పో."

"మనుషుల్ని ఎక్కించుకోవద్దంటివి గదా."

"ఒంటిగానే పొమ్మంటా ఉండా. గాలి చూసి రా, చాలు."

"నేను పనికిరానోణ్ణని నలుగుర్లో చెప్పినావు. పనికొచ్చేవోడివి నువ్వే గదన్నా. నువ్వే ఎగురు."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. నా మాటను అర్థం చేసుకోవడానికి కష్టపడుతున్నట్టు, దూరం నుంచి విన్నట్టు చూశాడు.

"సరే. బిగించు" అన్నాడు.

నడుము పట్టీలు, కాళ్ళ పట్టీలు నేనే బిగించాను. హెల్మెట్ తొడిగేటప్పుడు వాపు తగిలి మూలిగాడు. వింగును నడిపే రెండు పిడులు ఉంటాయి, చేతికొకటి. ఎడమది పట్టుకున్నాడు. కుడిది పట్టుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. జారిపోయింది. మళ్ళీ జారింది. ఏదో చెప్పబోయాడు, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు నాకు తెలిసింది. అప్పుడు ఆపి ఉండొచ్చు. ఒక్క మాట చాలు. నేను ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా పిడి చుట్టూ మడిచి, భుజం తట్టి, పో అన్నాను.

పరుగెత్తాడు. కొండ అంచు దాటాడు. వింగు నిండుగా గాలి పట్టి లేచింది. నేను ఊపిరి వదిలాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత కుడిచేయి కిందికి వేలాడింది. ఒళ్ళంతా కుడివైపు ఒరిగింది. వింగు ఆయన ఒరిగిన వైపే తిరుగుతూ, కొండకు ఎదురుగా వచ్చింది. తాళ్ళు లాగమని అరిచాను. ఆయన తల ఛాతీ మీదికి వాలి ఉంది. బండకు కొట్టుకున్నాడు. గాలి ఆ వింగును వదలలేదు, మళ్ళీ నింపింది, ముళ్ళ మీదుగా ఈడ్చింది, ఇంకో బండకు కొట్టింది.

నేను దిగేసరికి ఒక కాలు వెనక్కి మడతపడి ఉంది. ముక్కులో నుంచి, చెవిలో నుంచి రక్తం. ఛాతీ నాలుగైదుసార్లు లేచింది. నా చేతుల్లోనే ఆగిపోయింది. నలుగురూ పై నుంచి దిగి వచ్చి ఏమైందని అడిగారు. గాలి తిరగబడింది అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది. ఆ మాట నాకోసం ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది.

పోలీసులు అడిగితే వాళ్ళకూ గాలి అనే చెప్పాను. పోస్టుమార్టంలో తల ఎముక పగిలి ఉందన్నారు. ఒంట్లో పగలని ఎముక ఏముంది? నా దెబ్బ ఆ దెబ్బల్లో కలిసిపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఒక పాపమే ఉండేది.

ఆ మధ్యాహ్నమే అన్న వాళ్ళ పెద్దన్న, చుట్టాలు రెండు బండ్లలో కొండకు వచ్చారు. ఎవరి తప్పు అన్నారు. గాలి తిరగబడితే జెండా దగ్గరున్నవాడు ఎందుకు ఆపలేదన్నారు. చెంచయ్యను చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఆయన గాలి బాగుండింది సామీ, బాగుండింది అని ఒకటే చెప్పాడు. ఒకతను నా వైపు తిరిగి, వీడు గుడ్డ ఊపినాడా లేదా అని అడిగాడు. లేదన్నాను. అది నిజమే. ఊపాల్సిన అవసరం లేదు కాబట్టి ఊపలేదు. ఆ రెండో ముక్క చెప్పలేదు.

ఆయన మేకల కర్రతోనే ఆయనను కొట్టారు. అది విరిగాక డేరా కట్టే రాడ్లతో కొట్టారు. దవడ పక్కకు జరిగిపోయింది. పళ్ళు మట్టిలో పడ్డాయి. గాలి బాగుండింది అనే మాట మాటలా లేకుండా పోయింది, అయినా అంటూనే ఉన్నాడు. నేను చూస్తూ నిలబడితే అనుమానం వస్తుందేమో అనిపించింది. ముందుకు వెళ్ళి నేను కూడా వీపు మీద తన్నాను. మీరు చదివింది సరిగానే చదివారు. ఆ ముసలాయనను నేను కూడా తన్నాను.

కొండ మీద ఎగరడం ఆగిపోయింది. నేను ఇంటికి వచ్చి మళ్ళీ పడవెక్కాను. అన్న భార్య ఎస్తేరక్క ఏటా జ్ఞాపకార్థ ప్రార్థనకు పిలిచేది. ఆయనను చివరిసారి చూసినవాడివి, నువ్వు రాకపోతే ఎట్టా అనేది. వెళ్ళేవాడిని. నిలబడి సాక్ష్యం చెప్పేవాడిని. జనం ఏడ్చేవాళ్ళు. అక్క నాకు మొదటి విస్తరి వేసేది. తినేవాడిని. ఎలా తిన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆకలేసింది, తిన్నాను.

ఈ ఏడు వాళ్ళమ్మాయి నా పక్కన కూర్చుంది. అప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. నాన్న మీద ఆ గాలి ఎటునుంచి వచ్చింది బాబాయ్, ఆయన ఎంతసేపు దాంతో పెనుగులాడాడు అని అడిగి, సెల్‌ఫోన్ నా ముందు పెట్టి రికార్డు నొక్కింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. సముద్రం మీద పెరిగినవాడిని, గాలిని వర్ణించడం నాకు చేతనవును. లేని గాలిని దిక్కులతో సహా చెప్పాను. ఆయన ఎంత ధైర్యంగా పోరాడాడో చెప్పాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, నాన్న చివరిదాకా వదల్లేదన్నమాట అంది.

ఆ వేళ్ళు నా కళ్ళముందుకు వచ్చాయి.

మర్నాడు పొద్దున మళ్ళీ బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళాను. పిల్ల కాలేజీకి వెళ్ళింది. ఎస్తేరక్క వాకిట్లో మినుములు చెరుగుతోంది. నిలబడే అంతా చెప్పాను. హెల్మెట్, రెండో దెబ్బ, పిడి, చెంచయ్య. ఆమె లేచి వచ్చి చేటతో నా మొహం మీద కొట్టింది. అది చిరిగాక చేతులతో కొట్టింది, చెంపల మీద, ఛాతీ మీద, మెడ మీద. నేను చేయి అడ్డం పెట్టలేదు. అలసిపోయి గడప మీద కూర్చుంది. చెంచయ్యకు చెప్పినావా అని అడిగింది. లేదన్నాను. చెప్పు, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు, నా బిడ్డకు నేనే చెప్పుకుంటా అంది.

మొన్న కొండకు వెళ్ళాను. చెంచయ్య చిక్కిపోయాడు. దవడ వంకరగానే అతుక్కుంది, మాట ఒక పక్క నుంచే వస్తుంది. జావ తప్ప ఏదీ తినలేడని వాళ్ళ కోడలు చెప్పింది. మేకల వెనక నడుస్తుంటే పక్కనే నడుస్తూ చెప్పాను. ఆయన ఆగలేదు. నేను మొత్తం చెప్పాక, "షెడ్డెనక నువ్వు ఆయన్ని కొట్టింది చూసినా" అన్నాడు.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నన్నెవురడిగినారు? కొట్టేవోళ్ళు గుడ్డ సంగతే అడిగినారు. పోలీసోళ్ళు నిన్నడిగినారు."

అంతే. మేకలను అదిలించుకుంటూ పైకి వెళ్ళిపోయాడు. క్షమించు అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆ మాట ఆయన చేతిలో పెట్టి, దానికి బదులు ఏదో తీసుకునే హక్కు నాకెక్కడిది?

రేపు స్టేషన్‌కు వెళ్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళు ఏం చేస్తారో, ఏ చట్టం వర్తిస్తుందో నాకు తెలియదు. ఏమేం అడుగుతారోనని తొమ్మిదేళ్ళు లోపల జవాబులు అల్లుకుంటూనే ఉన్నాను, ఒకదానికొకటి అతికేటట్టు, ఎక్కడా చిక్కు పడకుండా. ఇది రాయడం మొదలుపెట్టాక అవన్నీ ఒక్కొక్కటిగా మరిచిపోతున్నాను. ఇప్పుడు నన్ను ఎవరు ఏది అడిగినా ముందుగా ఆలోచించుకోనక్కర్లేదు.