ఎల్లవ్వకు చదివిన జవాబు

ఉక్కగా ఉన్న మధ్యాహ్నం సిరాబుడ్డి మూత తీస్తే చాలు, ఆ వాసనకు నా కళ్లు వాటంతటవే మూతపడతాయి. మూసిన కళ్ల ముందు, నిజాం కాలంనాటి ఎల్లారెడ్డి తాలూకా కచ్చేరీలో కిటికీ ఎండ నేల మీద మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఆ ఎండ పక్కన విఠల్‌రావు గారు కాగితం చదువుతూ కూర్చుని ఉంటారు. ఆయన మా పేష్కారు, అంటే పెద్ద గుమాస్తా. నేను ఆయన చేతికింద రాతపని చేసేవాణ్ని.

హైదరాబాదులో శాసన మండలి సభ్యులు అడిగిన ప్రశ్నలు ఊరూరా తిరిగి చివరికి మా బల్ల మీదికి వచ్చేవి. ఒకాయనకు నిజాంసాగర్ కాలువ నీళ్లు చివరి మడి దాకా పోతున్నాయా అని బెంగ. మరొకాయనకు కామారెడ్డి స్టేషన్ దగ్గర ధాన్యం బండ్లకు నీడ ఉందా అని. మేం రాసిన జవాబును అక్కడ సభలో ఎవరో పెద్దమనిషి లేచి చదువుతాడని తలచుకుంటే నాకు గాల్లో తేలినట్టుండేది.

ఒకసారి దగ్గరి పల్లె గురించి ప్రశ్న వచ్చింది. అక్కడ మంచినీళ్ల బావి ఉందా, లేకపోతే తవ్విస్తారా అని. పాత దస్త్రం తిరగేసి, "ఉంది. కొత్తది అక్కర్లేదు" అని రాసేశాను. విఠల్‌రావు గారు చూసి, "రాత ముద్దుగున్నది. నడు, గా ఊళ్లె చదివి వద్దాం" అన్నారు. ఎవరి కోసం ప్రశ్న పుట్టిందో వాళ్లకు వినిపించకుండా ఆయన ఏ జవాబూ పంపేవారు కాదు. ఆ చాదస్తానికి లోపల విసుక్కుంటూనే బండెక్కాను.

జొన్నచేల మధ్య బండి ఊగుతుంటే సగం నిద్రలోనే పల్లె చేరాను. అక్కడున్నది దిగుడు బావి. మెట్లు దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి కడవలు ముంచుతున్నారు. గట్టు మీద ఎల్లవ్వ అనే ముసలామె కాలు చాపుకుని కూర్చుంది. మడమ పక్క పుండులోంచి బయటికి వచ్చిన తెల్లటి పురుగును పుల్లకు చుట్టుకుని ఉంది. నారికురుపు. నేను జవాబు చదివాను.

"బాయి ఉన్నది సాబ్, అబద్దం గాదు" అన్నది ఆమె. "గీ నీళ్లు తాగే ఏటేటా గిట్ల మంచాన పడుతున్నం. ఉన్నదని రాస్తే ఇంక కొత్తది తవ్వరు గదా?"

చదివిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను.

తిరిగి వచ్చి, బావి ఉందనీ, ఆ నీళ్లతో నారికురుపు లేస్తోందనీ, కొత్త బావి కావాలనీ రాశాం. బావి ఉందో లేదో రాస్తే చాలని పైవారు తిప్పి పంపారు. విఠల్‌రావు గారు మళ్లీ అదే పంపారు.

"మీ నౌకరీ పోతది సాబ్" అన్నాను భయంగా.

"పోతే పోతది. వేరేది రాస్తే, మల్ల పోయి ఆమె ముందట చదువుతవా?"

నెల తిరగకుండానే ఆయనను దూరం బదిలీ చేశారు. కాగితం మూడోసారి వచ్చినప్పుడు బల్ల దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చేతిలో ఆ ఒక్క ఉద్యోగం. చాలాసేపు కూర్చుని, ఒక్క మాటా మార్చకుండా రాసి పంపాను. నా ఉద్యోగం ఎందుకు నిలిచిందో నాకిప్పటికీ తెలియదు. రెండేళ్లకు ఆ పల్లెలో, నీళ్లలోకి దిగే పనిలేని చేదబావి తవ్వారు. విఠల్‌రావు గారు దాన్ని చూడనేలేదు.

ఈనాటికీ ఎవరికి ఏ జవాబు రాసినా, దీన్ని ఎవరి ముందు చదవలేనా అని ఆలోచిస్తాను. అలాంటి మనిషి ఒక్కరు గుర్తొచ్చినా ఆ కాగితం చింపేస్తాను.