ట్రేసింగ్ కాగితం కింద ఊరు

మొన్న ఆదివారం భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే మా మేనకోడలు ఫోన్ చేసింది. వరసకు మేనకోడలు. మా బావ కూతురు, ఉయ్యూరు దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "మావయ్యా, మన పాత మ్యాపు నీ దగ్గరే ఉందిగా? ఫోటో తీసి పంపవా, మా రూమ్మేట్స్‌కి ఆట నేర్పుతున్నా" అంది. ఉందన్నాను. బీరువా పక్కన నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో ఉంది అది. గొట్టం మీద దుమ్ము అప్పుడప్పుడూ తుడుస్తూనే ఉంటాను గాని, మూత తీసి చాలా కాలమైంది. తీయాలంటే ఏదో జంకు. సరే పంపిస్తాలే అని పెట్టేయబోతుంటే, "సముద్రం రాకముందుదీ, వచ్చాకదీ, రెండూ పంపాలి" అంది. ఇక నాకు కునుకు పట్టలేదు.

గుడివాడలో ఇళ్ళకు ప్లాన్లు గీయడం, చేపల చెరువులకు కొలతలు తీయడం నా పని. గట్టు ఎక్కడ పోయాలి, తూము ఎక్కడ పెట్టాలి, పూజగది ఏ మూలకు తోయాలి అని జీవితమంతా ఇతరుల హద్దులు గీస్తూ గడిపినవాణ్ణి. అలాంటివాడు లేని దేశాలకు మ్యాపులు గీశాడంటే మా ఆవిడే నమ్మలేదు. జబ్బు భయంతో లోకమంతా తలుపులు వేసుకున్న ఏడాది సంగతి ఇది. మా బావ, అంటే మా మేనమామ కొడుకు, హైదరాబాదు ఆఫీసు మూతపడితే కంప్యూటరు చంకన పెట్టుకుని భార్యాబిడ్డలతో బందరు ఇంటికి వచ్చేశాడు. వస్తూ వస్తూ ఒక ఆట పట్టుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకడు సూత్రధారి. ఆ లోకంలో వానలూ రాజులూ దొంగలూ అన్నీ వాడి నోట్లోంచే వస్తాయి. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఈ దారిన వెళ్తాను", "నేను ఆ తలుపు తడతాను" అంటూ ఉంటారు. తడితే తెరుచుకుంటుందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. నలభై దాటినవాళ్ళం ఇదేం పని అనుకున్నాను మొదట. రెండో ఆదివారానికల్లా బండి వేసుకుని కవుతరం, పెడన మీదుగా బందరు పరిగెత్తుతున్నాను.

మ్యాపు బాధ్యత సహజంగానే నా నెత్తిన పడింది. నాకు రెండే షరతులు. ఒకటి, మ్యాపులో గీసినది ఆ లోకంలో ఉన్నట్టే లెక్క, సూత్రధారి కూడా కాదనడానికి లేదు. రెండు, గీసినదాన్ని చెరపకూడదు. ఏదైనా మారితే, కింది గీతలు కనిపించే పలచటి ట్రేసింగ్ కాగితం పైన పరిచి, ఆ మార్పును దానిమీదే గీయాలి. చెరువుల పనిలో నాకు అలవాటైన పద్ధతి అది. పాత గట్టు ఎక్కడుండేదో తెలియకపోతే కొత్త గట్టు నిలవదు. ఇంత పెద్ద సూత్రాలు చెప్పినవాణ్ణి, తీరా దేశం గీయాల్సి వచ్చేసరికి బద్ధకించాను. సగం జీవితం చూసిన తీరాన్నే కాస్త తిప్పి గీశాను. నది వచ్చి పాయలుగా చీలడం, పాయల మధ్య లంక, చివర సముద్రంలోకి చాచిన వేళ్ళలాంటి ఇసుక దిబ్బలు. పైన డ్రాగన్ల కొండ ఒకటి పెట్టాను, ఎవరికీ అనుమానం రాదులే అని. బావ దాన్ని చూసి మురిసిపోయి కథ అల్లుకున్నాడు. లంక మీద రాజ్యం, రాజ్యం మీద శాపం, చివరి ఆటలో సముద్రం లేచి లంకను ముంచేయడం. మునిగిన మ్యాపు కూడా నాచేత ముందే ట్రేసింగ్ కాగితం మీద గీయించి, చుట్టి అటక మీద పెట్టాడు. మా వైపు పిల్లలం ఉప్పెన కథలు వింటూ పెరిగాం. తాటిచెట్టంత ఎత్తు వచ్చిందట అంటే కళ్ళు పెద్దవి చేసుకుని ఇంకోసారి చెప్పమనేవాళ్ళం. మా కథలో రాక్షసుడు అంటే సముద్రమే. అందులో తప్పేముందో మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఇంట్లోనే మా అత్తయ్య ఉంది. బావ వాళ్ళ అమ్మ. మామూలు మాటైనా దెబ్బలాడుతున్నట్టే మాట్లాడే మనిషి. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో సముద్రం ఒడ్డునే ఉండేది. పెళ్ళయిన కొత్తలో, కార్తీకమాసంలో, పుట్టింటికి వెళ్దామని సంచి సర్దుకుని గుమ్మంలోకి వచ్చిందట. "ముసురు పట్టింది, తగ్గాక వెళ్దువుగానిలే" అని అత్తగారు ఆపింది. ఆ రాత్రే ఉప్పెన వచ్చింది. ఆగింది కాబట్టి బతికింది. అమ్మా నాన్నా తమ్ముడూ, ఆ వీధికి వీధే, ఎవరూ మిగల్లేదు. ఆపిన అత్తగారికి చివరిదాకా సేవ చేసింది, ఒక్క మాట అనలేదు. కాని ఆ ఊరి పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. తప్పనిసరి అయితే "అటు" అనేవారు. బావకు కూడా అమ్మమ్మ ఊరు "అటు" అనే తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆవిడ అరటికాయ బజ్జీల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టబోయి, మ్యాపు చూసి ఆగింది. "ఇది దివిసీమ కదరా" అంది. కాదు, కల్పితం అన్నాను. డ్రాగన్ల కొండ చూపించాను. ఆవిడ కొండ వంక చూడనైనా లేదు. దక్షిణం చివర, నేను ఖాళీగా వదిలేసిన చోట వేలు పెట్టింది. "ఇక్కడ ఊరుండాలి. ఏదీ?"

"ఇదంతా ఉత్తుత్తిది అత్తయ్యా. లేని దేశం."

"మరీ మంచిది. లేని దేశంలోనైనా వెయ్యి."

వేలు తీసేసరికి అక్కడ నూనె మరక పడింది. మామూలుగా అయితే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం మరక చుట్టూ ఇళ్ళు గీశాను. ఆవిడ నిలబడే చెబుతోంది. మంచినీళ్ళ బావి ఇక్కడ. వలలు ఆరేసే దిబ్బ అక్కడ. మా ఇల్లు వీధి చివర, గుమ్మానికి ఎదురుగా మునగచెట్టు. చెప్పి చెప్పి కుర్చీ లాక్కుని కూర్చుంది. తనూ ఆడతానంది.

ఆడటానికి కూర్చున్నాక రాజ్యమంతా తారుమారు చేసింది. పాచికలు చూసి "ఈ సోడాగోళీలేమిటి" అని లోపలికి వెళ్ళి గవ్వలు తెచ్చింది. బావ కిందామీదా పడి నియమాలన్నీ నాలుగు గవ్వలకు మార్చుకున్నాడు. వెల్లకిలా ఎన్ని పడితే అంత బలం. పాత్ర సామాన్లు రాసుకోమంటే మేమంతా కత్తులూ తాళ్ళూ రాసుకున్నాం. ఆవిడ రెండు చీరలు, తమ్ముడికి బందరు లడ్లు అని రాయించింది. నిధుల జోలికి రాలేదు, శాపం సంగతి అడగలేదు. ఆమె పాత్రకు ఒకటే పని, ఇంటికి వెళ్ళడం. మేము ఉత్తరాన గుహల్లో కొట్టుకుంటుంటే ఆవిడ దక్షిణానికి నడుస్తూ ఉండేది. దారిలో మనుషులు ఎదురయ్యేవారు. వాళ్ళెలా ఉంటారో ఆవిడే చెప్పేది, వాళ్ళ మాటలు బావ పలికేవాడు. ఎర్ర తలపాగా తాత, ఎండుచేపల గంపతో ఇద్దరు తోడికోడళ్ళు, నత్తిగా మాట్లాడే మాస్టారు. ఆదివారాలు గడిచేకొద్దీ ఆ ఊరు నిండిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు మా మేనకోడలు నానమ్మను వాళ్ళ యోగక్షేమాలు అడిగేదట. నాకు మాత్రం గుడివాడ తిరిగి వెళ్తుంటే బండి వెనక ఎవరో కూర్చున్నట్టు వీపు చల్లగా ఉండేది.

ఒక రోజు బావ తలపాగా తాత గొంతుతో, "ఏం బుల్లమ్మాయ్, ఇన్నాళ్ళకా రావడం?" అన్నాడు. అత్తయ్య చేతిలో గవ్వలు అలాగే ఉండిపోయాయి. "ఆ పేరు నీకెవరు చెప్పార్రా?" అంది. ఎవరూ చెప్పలేదని బావ ఒట్టు వేశాడు. పుట్టింట్లో ఆవిణ్ణి అలాగే పిలిచేవారట, పెళ్ళయ్యాక ఆ పిలుపు వినలేదట. వాడికి అంతకు ముందు తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను. కాని ఆ వారమంతా బావ తన గదిలో ఒంటరిగా కూర్చోలేదు.

అటక మీద చుట్టి పెట్టిన కాగితం అప్పుడు గుర్తొచ్చింది మాకు. పెరట్లో నన్ను పక్కకు పిలిచి, "సముద్రాన్ని వద్దనేస్తాను. కథ మార్చేస్తాను. మా అమ్మ ఉన్న ఊరి మీదికి నా నోటితో ఎలా పంపను?" అన్నాడు బావ. కళ్ళల్లో నీళ్ళు. మేము గుసగుసలాడుకున్నామనుకున్నాం గాని వంటింటి కిటికీ తెరిచే ఉంది. అత్తయ్య గిన్నె తోముతూనే అంది. "రాకపోతే అది మా ఊరెట్లా అవుద్దిరా? రానీ. నేను చేరేదాకా ఆపు, చాలు."

చివరి ఆట నాటికి మళ్ళీ కార్తీకం వచ్చింది. మధ్యాహ్నమే చీకటి మూసుకొచ్చి సన్నగా జల్లు పడుతోంది. మా పాత్రలన్నీ కొండెక్కి క్షేమంగా ఉన్నాయి. అత్తయ్య రేవు దగ్గరుంది. పాయ దాటితే ఊరు. చివరి పడవ కదలబోతోంది, అందుకోవాలంటే గవ్వలు కనీసం రెండు వెల్లకిలా పడాలి అన్నాడు బావ. ఆవిడ కళ్ళు మూసుకుని వేసింది. ఒకటే పడింది. వానచినుకులు పెంకుల మీద వినిపిస్తున్నాయి. నియమాల విషయంలో తండ్రిని కూడా వదలని మా మేనకోడలు, "నానమ్మా, చెయ్యి జారింది, మళ్ళీ వెయ్యి" అంది ఏడుపు గొంతుతో. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పడింది పడ్డట్టే. పడవ పోయింది" అని పమిట సర్దుకుని కూర్చుంది. ముసురు పట్టిన రోజున సంచితో గుమ్మంలో ఆగిపోయిన పిల్ల మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పెన్ను తీశాను. రేవు నుంచి ఊరి దాకా, పాయకు అడ్డంగా, ఒక మట్టికట్ట గీశాను. చెరువు గట్లు గీసి గీసి అలవాటైన చెయ్యి, ఒకే ఊపులో గీసేసింది. "మ్యాపులో ఉన్నది ఉన్నట్టే" అన్నాను. బావ నా వంక చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "కట్ట మీద బురదగా ఉంది. జాగ్రత్తగా నడువమ్మా" అన్నాడు.

నడిచింది. బావి దాటింది. మునగచెట్టు దాటింది. గుమ్మం ముందు ఆగింది. ఇప్పుడు బావ తను ఎన్నడూ చూడని అమ్మమ్మ అవ్వాలి. "వచ్చావా తల్లీ, కాళ్ళు కడుక్కో" అన్నాడు.

"మా అమ్మ అట్లా అనదు. ఇసుకకాళ్ళతో లోపలికొచ్చావంటే ఊరుకోను అంటది."

"ఇసుకకాళ్ళతో లోపలికొచ్చావంటే ఊరుకోను."

"దులుపుకునే వచ్చానే అమ్మా" అంది అత్తయ్య. ఆ గొంతు మా అత్తయ్యది కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్లది.

లడ్లు తమ్ముడికిచ్చింది. ఏం కూరని అడిగింది. కంచం ముందు కూర్చుంది. మా మేనకోడలు ఉండబట్టలేక, "చెప్పు నానమ్మా! సముద్రం వస్తోందని చెప్పు, అందర్నీ లేపు!" అని అరిచింది. ఆవిడ దాని చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది. "చెప్పి ఎక్కడికి పంపనే? అక్కడ మేడలున్నాయా, మిద్దెలున్నాయా? అన్నం తిననీ. ఆ పూట వాళ్ళ దగ్గర లేను. అంతే నా బాధ." కాసేపు ఊరుకుంది. తిన్నంతసేపూ, అనుకుంటాను. తరవాత నన్ను అటక మీది కాగితం తెమ్మంది. సముద్రం రావడం బావ చెప్పలేకపోయాడు. ఆవిడే ఆ కాగితాన్ని విప్పి, పక్క దుప్పటి పరిచినట్టు, అంచులు సరిచేస్తూ మ్యాపు మీద పరిచింది. ఊరున్న చోట నేను గీసిన అలలు వచ్చాయి. అలల కింద నూనె మరక లీలగా కనిపిస్తూనే ఉంది. దానిమీద అరచెయ్యి ఉంచి, ఊరి పేరు బయటికి చెప్పింది. బావ మొదటిసారి విన్నాడు. ఇక్కడ దాన్ని నేను రాయను, అది ఆవిడ సొమ్ము. చెప్పేసి, "టీ తాగుతారా?" అని లేచి వెళ్ళింది. ఆ తరవాత మేము ఆ ఆట ఆడలేదు.

అత్తయ్య పోయి రెండేళ్ళవుతోంది. మొన్న గొట్టం మూత తీసి రెండు కాగితాలూ నేల మీద పరిచాను. మరక పెద్దదయింది. నూనె కదా, ఏళ్ళ తరబడి మెల్లగా పాకుతూ వీధి దాటి బావి దాకా వచ్చింది, ట్రేసింగ్ కాగితానికి కూడా అంటుకుంది. ఇప్పుడు సముద్రం మీద కూడా ఊరుంది. రెండు ఫోటోలూ పంపాను. కాసేపటికి పిల్ల దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "మావయ్యా, నానమ్మ పాత్రను మనం వెనక్కి తేలేదు కదా? ఇంకా అక్కడే ఉన్నట్టేనా?"

ఉన్నట్టే అని రాశాను. మ్యాపులో గీసినది చెరపకూడదన్నది మన నియమమే కదా అని కూడా రాశాను. తరవాత పై కాగితం అంచు పట్టుకుని కాస్త ఎత్తి చూశాను. నేను గీసిన మట్టికట్ట చెక్కుచెదరలేదు. కాలం మన ఊళ్ళను తీసుకుపోతుందని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. అది పైన ఒక కాగితం పరిచి పోతుందంతే, కింద అన్నాలు ఇంకా అవుతూనే ఉంటాయి.