తేదీల పట్టికలో రంజాన్

1998 మార్చిలో మస్కట్‌లోని ఒక రెడీమేడ్ దుస్తుల కంపెనీలో నేను సిస్టమ్స్ ఎనలిస్టుని. కాపురం వాడి కబీర్‌లో, డ్యూటీ రూవీ హెడ్డాఫీసులో. అన్ని షాపుల అమ్మకాలూ కంప్యూటర్ తెర మీద చూపించే పని నాకు అప్పగించారు. ఇప్పుడు దాన్ని డాష్‌బోర్డ్ అంటున్నారు. మా జనరల్ మేనేజర్, ఒమానీ పెద్దమనిషి, "ఆ టీవీ" అనేవారు.

పాత రిపోర్టులో షాపు, నెల ఎంచుకుని మీట నొక్కితే, చాయ్ తెప్పించుకుని తాగేసినా జవాబు వచ్చేది కాదు. బిల్లులు కొట్టడానికి కట్టిన పట్టికల్లోనే మేం వెతికించేవాళ్లం. ప్రతి ప్రశ్నకూ యంత్రం బిల్లులన్నీ తిరగేసేది.

ఆ రిపోర్టే మస్కట్‌కి దూరంగా ఉత్తరాన ఉన్న షినాస్ ఊళ్లోని మా షాపు ప్రాణం మీదికి తెచ్చింది. కిందటేడు ఫిబ్రవరితో పోలిస్తే అమ్మకాలు బాగా పడిపోయాయి, మూసేద్దామన్నారు జీఎం. షాపు ఇన్‌చార్జి రాజమల్లు, జగిత్యాల వైపు మనిషి, నాకు ఫోన్ చేశాడు.

"నిరుడు ఈద్ ఫిబ్రవరిల పడ్డది, ఈసారి జనవరిలనే అయిపాయె. ఈద్ అయినంక బట్టలెవలు కొంటరు మేడమ్? షాపు బందైతె మా వీసాలన్నీ క్యాన్సలే."

జీఎంకి చెప్పాను. అమ్మకం తగ్గిన ప్రతివాడూ రంజాన్ పేరే చెబుతాడనీ, నిజమైతే శనివారం మీటింగులో ఆ టీవీలో చూపించమనీ అన్నారు. నాకు పౌరుషం వచ్చింది.

అమరిక మార్చేశాను. మధ్యలో అమ్మకాల అంకెలు మాత్రమే ఉండే పెద్ద పట్టిక, దాని చుట్టూ షాపులకొకటి, సరుకుకొకటి, తేదీలకొకటి చిన్న పట్టికలు. ముందు చిన్న పట్టికలో వడపోస్తే, పెద్ద దాంట్లోంచి కావలసిన వరుసలే వస్తాయి. హిజ్రీ తేదీని, అంటే చంద్రుణ్ణి బట్టి నడిచే ముస్లిం క్యాలెండర్ తేదీని, సూత్రంతో ఎప్పటికప్పుడు లెక్కకడదామన్నాడు మా ప్రోగ్రామర్. ససేమిరా అన్నాను. ప్రతి బిల్లుకీ లెక్క కడితే మళ్లీ చాయ్ దాకా ఆగాలి. పైగా సూత్రానికి నెలవంక కనబడదు. ఒమాన్‌లో చంద్రుణ్ణి చూసి ప్రకటించాకే ఈద్. లెక్క ఒక రోజు తప్పితే, అన్నిటికన్నా ఎక్కువ అమ్మే పండుగ ముందు రోజే తారుమారవుతుంది. ప్రకటించిన తేదీలు తీసుకుని, రోజుకొక వరుస చొప్పున, అది ఏ హిజ్రీ నెలో, ఈద్ ఇంకా ఎన్నాళ్లో నేనే టైపు చేశాను.

శనివారం జీఎం "ఈద్‌కి ముందు" ఎంచుకున్నారు. మౌస్ మీంచి చెయ్యి తీసేలోపే జవాబొచ్చింది. పండుగకి పండుగ పోల్చితే షినాస్ పెరిగింది. నాకు గర్వంగానే ఉంది.

ఆయన అక్కడితో ఆగలేదు. జవాబు వెంటనే వస్తుంటే ఎవరు ఆగుతారు? ఒక్కో షాపూ నొక్కుతూ పోయారు. నిజంగా తగ్గింది మా కాళ్ల కిందే ఉన్న రూవీ షోరూమ్, ఆయన ముచ్చటపడి పెట్టించింది. ఈద్ ముందు పడిపోయిన అమ్మకాన్ని ఫిబ్రవరి డిస్కౌంట్ సేల్ ఇన్నాళ్లూ కప్పిపెట్టింది. ఆయన కాసేపు నేల వైపు చూసి, షినాస్ ఫైలు మూసి పక్కన పెట్టేశారు. షోరూమ్ మేనేజర్ని పైకి పిలిపించమన్నారు.

రిపోర్టు నెమ్మదిగా ఉంటే పై అధికారి ఒక్క ప్రశ్నే అడుగుతాడు, అదీ తాను ముందే నమ్మిన దాని గురించి. వేగం కావలసింది రెండో ప్రశ్నకి.