అమాసనాటి అచ్చు

రోజూ మగ్గం ముందు కూర్చోగానే దేవకమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ చిటికెడు బూడిద పూసుకునేది. అయిపోయిన పడుగు చివర్లకు కొత్త పడుగు పోగులను కలిపి మెలితిప్పేటప్పుడు వేళ్ళు జారకూడదు. వేల పోగులను అలా ఒక్కొక్కటిగా కలపడమే అచ్చు అతకడం. నగరిలో ఆ పనికి నలభై ఏళ్ళుగా ఆమెదే పేరు.

పోయిన ఏడు ఆమె కుడికంటికి పొర కమ్మింది. చెబితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. కరెంటు మగ్గాల షెడ్డు యజమాని జయచంద్ర ఏం కనిపెట్టాడో, కోమలి అనే ముప్పై ఏళ్ళ మనిషిని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు.

"మనోళ్ళే పెద్దమ్మా, పుత్తూరు పక్క. పని నేర్పించు" అన్నాడు.

దేవకమ్మ నమ్మలేదు. మగ్గం నేసే దేవాంగుల ఇంట్లో పుట్టిన పిల్ల పడుగు ముందు అట్లా బిక్కుబిక్కుమంటూ కూర్చోదు.

"మీ ఇంటిపేరేమి మే?"

"ఇంటిపేరు యాడికి పోతాది పెద్దమ్మా, ముందు పోగు సూపీ" అని కోమలి నవ్వేది. ఆ నవ్వు మీదా దేవకమ్మకు అనుమానమే.

అమావాస్యనాడు దేవాంగులు పోగు ముట్టరు. ఒక అమావాస్య పొద్దున షెడ్డులో దీపం పెట్టిపోదామని వచ్చిన దేవకమ్మకు, ఒక్కతే కూర్చుని అచ్చు అతుకుతున్న కోమలి కనబడింది.

"దొరికినావు. మనోళ్ళెవురన్నా అమాసనాడు పోగు ముడతారా?"

కోమలి చేయి ఆగింది. "మాది ఐరాల పక్క. మా నాయన చెరుకు కొట్టే కూలి. కులం తెలిస్తే నువ్వు పని నేర్పవని, నేనే షెడ్డాయన్ని అట్ల చెప్పమన్నా."

"అందుకే నీ అతుకు నిలవదు. సూడు."

ఎడమ సగం కోమలి అతికింది, కుడి సగం నిన్న దేవకమ్మ అతికింది. మధ్యలో గుర్తుగా ఎర్ర నూలు కట్టి ఉంది. దేవకమ్మ ఎడమ కొస నుంచి ఒక్కో పోగూ లాగి చూస్తూ పోయింది. ఒక్కటీ ఊడలేదు. పంతంగా ఇంకా లాగింది. ఒకటి ఊడి చేతికొచ్చింది, దాని పక్కదీ వచ్చింది.

"ఇదేమి మరి?"

కోమలి ఎర్ర నూలు మీద వేలు పెట్టింది. దేవకమ్మ చేయి దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

"నా కంటి సంగతి జయచంద్రతో చెప్తావా?" అంది దేవకమ్మ.

"నా సంగతి నువ్వు ఊర్లో చెప్తావా?"

ఊడిన పోగులను కోమలే మళ్ళీ అతికింది.

ఇప్పుడా షెడ్డులో అచ్చులు అతికేది కోమలి. దేవకమ్మ ఎదురుగా కూర్చుని పోగులు విడదీసి అందిస్తుంది. మధ్యాహ్నం మాత్రం అన్నం క్యారియర్లు చెరో మూల విప్పుకుంటారు.