గోడకు అడిగిన చెంబెడు నీళ్ళు

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. మా గిద్దలూరు, మార్కాపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లా కింద ఉండేవి. నలుగురు కూలీలను పెట్టుకొని, ఇళ్ళ బయటి గోడలు గీకి, కడిగి, సున్నం కొట్టే కంట్రాక్టు చేసేవాణ్ణి.

రేటు ఎట్లా కడతావని ఇప్పటికీ అడుగుతారు. గోడను స్క్వేర్ల లెక్కన కొలుస్తాం. స్క్వేరంటే నూరు చదరపు అడుగులు. తర్వాత చెంబెడు నీళ్ళు గోడమీద చల్లి చూస్తాను. గోడ గబగబా తాగేసిందంటే ఇంకో కోటు, అంటే ఇంకో పూత, తప్పదు. దాన్నిబట్టే ఎస్టిమేటు. సున్నం నాది, నీళ్ళు ఇంటివాళ్ళవి. మా నాయన కాలం నుంచీ అదే షరతు.

ఒక ఎండాకాలం పుల్లలచెరువు దగ్గరి పల్లె నుంచి ఊరిపెద్ద పెద్దరెడ్డి కబురంపాడు. నాగమ్మ అనే ఆమె ఇంట్లో అమ్మవారు పోసి, అదే మశూచి, కొడుకు పోయాడు. ఆమె, చంటిబిడ్డతో కోడలు మిగిలారు. ఇల్లు గీకి సున్నం కొట్టేదాకా వాళ్ళు ఊరి బావి దగ్గరికి రాకూడదని కట్టడి. ఉన్నది ఆ ఒక్క బావే. కూలి ఊరే ఇస్తుందన్నారు.

గుమ్మానికి కట్టిన వేపమండలు ఎండిపోయి ఉన్నాయి. గోడలు కొలిచి, ఎప్పటిలాగే కేకేశాను.

"చెంబెడు నీళ్ళు తేమ్మా, గోడ చూడాల."

నాగమ్మ లోపలికి పోయి సగం చెంబు తెచ్చింది. బురదనీళ్ళు. ఇవ్వకుండా రెండు చేతులతో పట్టుకొని నిలబడింది.

"ఇవి గోడకు పోస్తే బాలింతకు ఈ పూటకు లేవు నాయనా. వాగులో చెలమ తోడుకుంటా ఉంటిమి. అదీ ఎండిపాయె."

"మరి ఇల్లు కడగను నీళ్ళేవి?"

"నేనూ అదే అడిగినా. మేస్త్రి చూసుకుంటాడులే అన్నారు."

నాకు ఒళ్ళు మండింది. నేరుగా పెద్దరెడ్డి అరుగు దగ్గరికి పోయాను.

"ఎంత పడతది మేస్త్రీ?"

"సున్నం దేంతో కలపమంటావు మామా, ఉమ్మితోనా?"

"అదేంది అట్ల మాట్లాడతావు? ఆ ఇంటి కడవ బావిలో మునిగితే ఊరంతా అంటుకోదా? నా ఇంట్లోనూ పసిపిల్లలుండారు."

ఆ గొంతులో పొగరు లేదు, భయమే ఉంది. దాంతో నేనూ తగ్గాను.

"ఆమెను రానీయొద్దులే. నేను తోడతా. నాకు చిన్నప్పుడే పోసింది, మళ్ళీ రాదు. ఇదో చూడు" అని మొహం మీద మచ్చలు చూపించాను.

ఆయన దగ్గరికొచ్చి మచ్చలు చూశాడు. "సరే, తోడుకో. ఎన్ని కడవలు?"

"ముందు ఒక్కటి. అది గోడకు కాదు."

కడవ నాగమ్మ గడప ముందు దించాను. కోడలు బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, ఊపిరి తిరక్కుండా తాగింది. ఆమె చాలనేదాకా నాగమ్మ కడవ ముట్టలేదు. తర్వాత తానూ నాలుగు గుక్కలు తాగి, చెంబు నింపి నా దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడు చూసుకో నాయనా, నీ గోడ."

ఆ నీళ్ళు చల్లడానికి నాకు చెయ్యి రాలేదు. కొలత తప్పితే తప్పనీ అని, కంటితో చూసే ఎస్టిమేటు చెప్పాను. పని ముగిశాక నాగమ్మ కడవ ఎత్తుకొని బావికి పోయింది, ఎవరూ ఆపలేదు.

మా నాయన పెట్టిన షరతును ఆ పల్లెలోనే వదిలేశాను. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా గోడ తర్వాతే చూస్తాను. మీరు తాగే నీళ్ళు ఎక్కడివమ్మా అని ముందు అడుగుతాను.