సభలో పాడైన మందు

బోర్డులు రాసే ఆ పెయింటర్‌ని అందరూ నిచ్చెన అనేవారు. ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే కనిపించేవాడు మరి. నలభై నిండకుండానే ఆ నిచ్చెన అతనికి కొండైంది. రెండు మెట్లెక్కితే తొడలు పట్టు తప్పేవి. కుర్చీలోంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు ఊని తన్ను తానే పైకి తోసుకోవాలి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు.

"ఒళ్లొంగక వేసే వేషాలివి," అన్నాడు బావమరిది. ఒక డాక్టరు టానిక్కు రాశాడు. ఇంకొకాయన తాగుడు మానమన్నాడు. "ఆయన చుక్క ముట్టడండీ" అని భార్య మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

చివరికి రక్తపరీక్షలో తేలింది. పుట్టుకతోనే అతని ఒంట్లో ఒక ఎంజైము సరిగ్గా తయారవదట. అది చాలక కండరాల్లో ఒకరకం చక్కెర పేరుకుపోయి వాటిని గుల్ల చేస్తోందట. ఆ ఎంజైమును బయట తయారుచేసి రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తే జబ్బు నెమ్మదిస్తుందన్నారు. కానీ అది వాళ్ల తాహతుకు అందే మందు కాదు. ఒక సేవాసంఘం ముందుకొచ్చింది. మొదటి మోతాదు సభ పెట్టి ఇస్తామంది.

"మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందటగా! బ్యానరు మీరే రాసివ్వండి," అన్నాడు సంఘం అధ్యక్షుడు. నేల మీద కూలబడి రాశాడు నిచ్చెన. అధ్యక్షుడు వచ్చి చూసి, తన పేరు ఇంకాస్త లావుగా దిద్దించుకు వెళ్లాడు.

సభ రోజున గుమ్మంలోనే చక్రాల కుర్చీ ఎదురైంది.

"నేను నడవగలనండీ."

"నడిచొస్తే జబ్బున్నట్టు కనపడదయ్యా. కూర్చో."

కూర్చున్నాడు. చల్లని పెట్టెలో ఉండాల్సిన మందు సీసాలను తీసి వేదిక మీద, మండే లైట్ల కింద వరసగా పేర్చారు. అధ్యక్షుడు ఒక సీసాను గిలక్కాయలా ఆడిస్తూ ఉపన్యాసం దంచాడు.

"సార్, పాడైపోతాయి, లోపల పెట్టించండి," అని మందు ఎక్కించాల్సిన నర్సు రెండుసార్లు వచ్చి బతిమాలింది.

"ఉండమ్మా, ఇంకో ఫొటో!"

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. అంతా అయ్యాక నర్సు సీసా ముట్టుకుని తల అడ్డంగా ఊపింది. "అన్నా, ఇవి నేను ఎక్కించను. వేడెక్కిపోయాయి."

"ఒక్కసారి ఎక్కకపోతే కొంపలేం మునగవులే," అంటూ అధ్యక్షుడు ఫలహారం తిన్న జిడ్డు చేతిని నిచ్చెన భుజం మీద వేశాడు. నిచ్చెన ఆ చేతికేసి చూశాడు. అయినా రెండు చేతులూ జోడించాడు. రెండో మోతాదు కూడా ఆ మనిషి దయే కదా.

ఇంటికొచ్చి టర్పెంటైను పోసుకుని చేతులు రుద్దుకుంటుంటే భార్య ఆపింది.

"ఏంటండీ అది? రంగేం లేదుగా!"

"ఈ చేతుల్తోనే వాడికి దణ్ణం పెట్టాను. వాడి మీదకంటే వీటి మీద అసహ్యంగా ఉంది."

కొత్త సీసాలు ఆలస్యంగా వచ్చాయి. ఈసారి నర్సే దగ్గరుండి తెచ్చి ఎక్కించింది. కొన్ని నెలలకు చేతులు ఊనకుండా లేవడం, పడుకుని ఊపిరి తీసుకోవడం వచ్చాయి. నిచ్చెన ఎక్కడం మాత్రం రాలేదు. స్టూలు మీద కూర్చుని చిన్న బోర్డులు రాస్తున్నాడు.

ఒకరోజు మందు ఎక్కుతుండగా అధ్యక్షుడు ఫొటోగ్రాఫరుతో దిగాడు. నిచ్చెన దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు.

"ఏమయ్యా, ఇదేనా విశ్వాసం?"

"మందిచ్చారు, తీసుకుంటున్నాను. మొహం ఇవ్వను," అన్నాడు దుప్పటిలోంచి.

మందు ఆపించేవాడే, కానీ పేపర్లో గొప్పగా వేయించుకున్నాక ఆపితే పరువు పోతుంది. అధ్యక్షుడు గొణుక్కుంటూ ఫొటోగ్రాఫరుతో సహా బయటికి నడిచాడు, నర్సు తలుపు వేసింది. వాళ్ల బూట్ల చప్పుడు మెట్ల మీద అణిగేదాకా నిచ్చెన దుప్పటి తియ్యలేదు.